వేలు జారింది

ఆవిడను ఆ వీధిలో అందరూ మెట్లమ్మ అనేవారు. మేడమెట్లు కాదండోయ్, ఆర్గన్ మెట్లు. కొన్ని చర్చిల్లో గోడంత ఎత్తున గొట్టాలు నిలబెట్టిన పాతకాలపు ఆర్గన్లు ఉంటాయి చూడండి, వాటికి శ్రుతి సరిచేసే పని ఆవిడ భర్తది. అందుకని ఆయన శ్రుతి మేస్త్రి. ఆ పని ఒంటి మనిషి వల్ల అయ్యేది కాదు. ఒకరు చిన్న తలుపులోంచి ఆర్గన్ కడుపులోకి దూరి గొట్టాల మధ్య నిలబడాలి. ఇంకొకరు బయట బల్ల మీద కూర్చుని ఒక్కొక్క మెట్టే నొక్కి పట్టుకోవాలి. దూరేది ఆయన, నొక్కేది ఈవిడ. పెళ్లయిన మూడోవారం నుంచి ఇదే వరస. ముప్పై నాలుగేళ్లయింది.

"అయితే మీకు వాయించడం వచ్చన్నమాట!" అని ఎవరైనా కళ్లు పెద్దవి చేస్తే, "అబ్బే, నాకు నొక్కడమే వచ్చు" అనేది. అది వినయం కాదు, పచ్చి నిజం. అన్ని చర్చిల ఆర్గన్లూ ముట్టుకున్న మనిషికి ఒక్క పాట, కనీసం ఒక్క చరణం, వాయించడం రాదు. "మీ ఆవిడ అన్నింట్లోనూ వేలు పెడుతుందయ్యా" అని ఒకసారి చుట్టం ఎవరో ఎగతాళి చేస్తే, "ఆ వేలు మీదే నా బతుకు నడుస్తోంది, ఊరుకోండి" అన్నాడట మేస్త్రి. ఆ ముక్క ఆవిడ కనబడినవాళ్లందరికీ చెప్పుకుంది. నాకే నాలుగుసార్లు చెప్పింది.

పని ఎలా ఉంటుందంటే, ఆవిడ ఒక మెట్టు నొక్కితే లోపల రెండు గొట్టాలు ఒకేసారి పలుకుతాయి. వాటికి శ్రుతి కలవకపోతే ఆ స్వరం నిలకడగా ఉండదు, నీళ్ల మీద అలలాగా ఊగుతుంది. మేస్త్రి సన్నటి ఇత్తడి కడ్డీతో గొట్టం కొసనున్న రేకు తొడుగును ఇటు కాస్త, అటు కాస్త తడతాడు. అల నెమ్మదిస్తుంది. ఇంకా నెమ్మదిస్తుంది. ఆఖరికి పడుకుంటుంది. అప్పుడు లోపల్నుంచి "ఊ" అని వినబడుతుంది. ఆవిడ పక్క మెట్టుకు జరుగుతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆలుమగల మధ్య నడిచే సంభాషణంతా ఆ ఒక్క ఊ.

ఇంట్లోనూ ఇదే గోల. ఆవిడ ఏదో చెబుతుంది, ఆయన "ఊ" అంటాడు, అలవాటుకొద్దీ ఆవిడ ఇంకో సంగతికి వెళ్లిపోతుంది. "ఉండవే, నేనింకా జవాబే చెప్పలేదు" అని ఆయన మొత్తుకునేవాడు. పెళ్లిలో మాత్రం ఏం తక్కువ చేశాడు? "ఈమెను భార్యగా స్వీకరిస్తున్నావా?" అని పెద్ద పాస్టరుగారు అడిగితే పెళ్లికొడుకు "ఊ" అన్నాడు. చర్చంతా గొల్లుమంది. "ఊ అంటే కుదరదు నాయనా, అవును అనాలి" అన్నారాయన. అవుననే అన్నాడు లెండి. పెళ్లికూతురికి మాత్రం ఆ మొదటి ఊయే నచ్చింది.

ఇక నొక్కి పట్టుకోవడంలో ఉన్న సుఖమేమిటో ఆవిడే చెప్పాలి. వేలు కదలకూడదు, దగ్గకూడదు, మాట్లాడకూడదు. మరి మనసుకు పనేముంది? అది ఎటో పోయేది. లావు గొట్టాలు పలికేటప్పుడు కూర్చున్న బల్ల సన్నగా అదిరేది. ఆ అదురులో ఆవిడకు తమ మొదటి ఇల్లు కనబడేది. రొట్టెల బట్టీ పైన అద్దెకున్న ఒంటిగది. నేల ఎప్పుడూ వెచ్చగా ఉండేది, చలికాలం పొద్దుటిపూట ఇద్దరూ ఒట్టి కాళ్లతో గదంతా ఊరికే తిరిగేవారు. మధ్య స్వరాల దగ్గరికి వచ్చేసరికి కూతురు పుట్టేది. ఆ పిల్ల ఇప్పుడు పక్క ఊళ్లో కాపురం చేసుకుంటోందనుకోండి, అయినా ఇన్నేళ్లలో ఎన్నివేలసార్లు పుట్టిందో! ప్రతిసారీ అదే వాన మధ్యాహ్నం, ఆవిరి పట్టిన అదే కిటికీ, చేతుల్లో బిడ్డను పెట్టుకుని ఏం చేయాలో తోచక నిలబడ్డ అదే మేస్త్రి. పైపైకి వెళ్లేకొద్దీ జ్ఞాపకాలు పలచబడేవి. అక్కడ గొట్టాలు పెన్సిలంత ఉంటాయి. రంగుటద్దాల్లోంచి పడిన ఎండ నేల మీద మెల్లగా జరిగి జరిగి ఆవిడ కాళ్ల దాకా వచ్చేది, ఒక పాదం నీలంలో, ఒక పాదం ఎరుపులో. తాను మెలకువగా ఉన్నదీ లేనిదీ ఆవిడకే తెలిసేది కాదు. వేలు మాత్రం ఊ వినబడగానే దానంతటదే జరిగేది.

కాపురమంతా ఇలా కలలో గడిచిందా అంటే, అబ్బే! పోట్లాటలు భేషుగ్గా ఉండేవి. మేస్త్రి మొండిఘటం, ఈవిడకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అయితే పెళ్లి చేసిన ఆ పెద్ద పాస్టరుగారు (ఇప్పుడు లేరు, ప్రభువు దగ్గర ఉన్నారు) కొత్త దంపతులను కూర్చోబెట్టి ఒక మాట చెప్పారు. "రోజూ పొద్దున్నే టీకి ముందు, నిన్న ఒకరి పట్ల ఒకరు చేసిన తప్పు ఒకటి పైకి చెప్పుకోండి. విన్నవాళ్లు 'పోయింది' అనాలి. అంతకుమించి ఒక్క ముక్క అనకూడదు. ప్రభువు మీ ఇద్దరితోనూ ఆ మాటే అన్నాడు కదా! ఆయన అన్న మాట మీద కట్టుకోండి కాపురాన్ని. మీకు ఒకరి మీద ఒకరికున్న ముచ్చట మీద కడితే నాలుగు వానలకు ఆగదు."

ఆ మర్నాటి నుంచీ టీకి ముందు తప్పు, తప్పు తర్వాత ప్రార్థన, ప్రార్థన తర్వాత టీ.

"నిన్న నీ కూర తినలేక మనసులో తిట్టుకున్నాను."

"మనసులో ఏమిటి, పైకే తిట్టారు. పోయింది."

"మీ చెల్లెలు వస్తే తలనొప్పని పడుకున్నాను. తలకేం కాలేదు."

"తెలుసులే. పోయింది."

కడుపు భగ్గున మండుతున్నా ఆ మాట అనాల్సిందే. పళ్లు బిగించి అనేవారు, టీ తాగేసరికి చాలావరకు నిజంగానే పోయేది. పెద్ద తప్పులూ వచ్చాయి, రాకుండా ఉంటాయా! వాటికి రెండేసి కప్పులు పట్టేవి.

పదకొండు నెలల కిందట ఒకనాడు పెద్ద చర్చిలో పైవరస గొట్టాలు చూస్తున్నారు. ఆవిడ ఆఖరి మెట్లలో ఒకటి నొక్కింది. గొట్టం కీచుమని పలికింది. లోపల్నుంచి మేస్త్రి, "నొక్కవే" అన్నాడు.

"నొక్కాను."

"ఏదీ, నొక్కు మరి!"

గొట్టం చెవులు చిల్లులు పడేలా మోగుతూనే ఉంది. ఇంట్లో కెటిల్ ఈల వేస్తున్నా ఆయన పేపరు మీంచి తలెత్తకపోవడం, కిటికీ దగ్గర పిచ్చుకలు రభస చేస్తుంటే "ఈ ఏడు పిచ్చుకలే రాలేదేమే" అనడం, అన్నీ ఒక్కసారి ఆవిడ కళ్ల ముందు తిరిగాయి. మేస్త్రి చెవంటే మాటలా! ఆ చెవి కోసం చర్చిలు నెలల తరబడి కాసుకుని కూర్చునేవి. ఆయనకు చదువు లేదు, ఆస్తి లేదు, ఉన్నదల్లా ఆ చెవి. అది పైస్వరాలను వదిలేసిందని తెలిస్తే మనిషి ఏమైపోతాడు? ఆవిడ ఆలోచించుకోలేదు. నోటికొచ్చింది అనేసింది.

"వేలు జారిందండీ."

ఆవిడ ఎప్పుడైనా చిన్న అబద్ధం ఆడితే మర్నాడు టీకి ముందు అది బయటికి వచ్చేసేది. ఇది రాలేదు. కాబట్టి ఆయన నమ్మాడు.

అక్కణ్నుంచి మొదలైంది నాటకం. పైవరసలో స్వరాలు ఆయనకు మసకమసకగా వినబడేవి, అలలు అసలే తెలిసేవి కావు. ఏదో అలవాటు మీద తట్టి "ఊ" అనేవాడు. అల ఇంకా ఊగుతూనే ఉండేది. "అయ్యో, వేలు జారింది, ఇంకొక్కసారి" అనేది ఆవిడ. ఆయన మళ్లీ తట్టేవాడు, వేలు మళ్లీ జారేది. అదృష్టం బాగుండి అల పడుకుంటే అప్పుడు ఆవిడ వేలు కుదురుకునేది. ఒక్కో గొట్టానికి నాలుగుసార్లు, ఆరుసార్లు. పూర్వమైతే రెండోసారికే లోపల్నుంచి ఉరుములు వినబడాలి. ఇప్పుడేమో, "తొందరేం లేదులే" అనేవాడు. ఆ పైన కొసాకరి గొట్టాల దగ్గరికి వచ్చేసరికి, "ఇవి ఇంకోరోజు చూద్దాం, నీ వేలు అలిసింది" అని దిగిపోయేవాడు. బతికించావు దేవుడా అనుకునేది ఆవిడ.

పొద్దుటిపూట తప్పు చెప్పుకునే వేళకు చిల్లర తప్పులు ఏరుకొచ్చి చెప్పేది. అసలుది గొంతులో అడ్డం పడి ఉండేది. ఆయన "పోయింది" అనేవాడు, ఏదీ పోయేది కాదు. చిత్రమేమంటే ఆ మధ్య ఆయనా నీళ్లు నమలడం మొదలుపెట్టాడు. ఏదో అనబోయి, "నిన్న చెప్పులతో వంటింట్లోకి వచ్చాను" అని ముగించేవాడు. టీ చప్పగా ఉండేది.

అయినా ఏం చెప్పమంటారు, ఆ పదకొండు నెలల్లో ఆవిడకు కొత్త కాపురం మళ్లీ వచ్చినట్టే ఉంది! మేస్త్రి పూర్తిగా మారిపోయాడు. కత్తి లాక్కుని కూరలు తానే తరిగేవాడు. సీసా మూతలు తానే తీసేవాడు. ఆవిడ కోటు బొత్తాలు తానే పెట్టేవాడు. వీధి దాటేటప్పుడు చెయ్యి పట్టుకునేవాడు, దాటాక కూడా వదిలేవాడు కాదు. సాయంత్రాలు ఆవిడ చేతిని ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్క వేలే మెల్లగా ఒత్తుతూ కూర్చునేవాడు. కిటికీలో వెలుతురు పలచబడేది, గోడలు దూరం జరిగినట్టు ఉండేది, ఇద్దరికీ దీపం వేయాలన్న ధ్యాసే ఉండేది కాదు. రొట్టెల బట్టీ మీది గదిలో కూడా ఆయన ఇంత ముద్దు చేయలేదు. "ఈ వయసులో మా ఆయనకు ఈ వేషాలేమిటో వదినా" అని పక్కింటావిడ దగ్గర గొప్పలు కూడా పోయింది. "ఆ జబ్బేదో మా ఇంటాయనకూ అంటించు తల్లీ" అంది ఆ వదిన.

సరే, గురువారం సంగతికి వద్దాం. మళ్లీ పెద్ద చర్చే. పొద్దుటి నుంచీ పనిచేసి పైవరస దగ్గర కాసేపు ఆపారు. మేస్త్రి లోపలే ఉండి గొట్టాల దుమ్ము దులుపుకుంటున్నాడు. ఇప్పటి పాస్టరుగారు, లావుపాటి మంచి మనిషి, ఒక్క మాట కూడా కడుపులో దాచుకోలేడు, బల్ల దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"వందనాలమ్మా. మీరు ధైర్యంగా ఉండాలి. మేము రోజూ మీ గురించి ప్రార్థన చేస్తున్నాం."

"నాకేమైందండీ?"

"మేస్త్రిగారు చెప్పారమ్మా, ఇవాళ్టితో పని మానేస్తున్నామని. ముప్పై ఏళ్ల పైబడి చేసిన పని... మీ కోసమని అంత తేలిగ్గా వదిలేసుకుంటున్నారంటే, నిజంగా, నాకు కళ్లనీళ్లు తిరిగాయి."

"నా కోసమా?"

"అదే, మీ చేతి వణుకు." ఆయన ఇంకా దగ్గరికి వంగాడు. "ఆయన డాక్టరుతో కూడా మాట్లాడారట. 'వేలు జారిందని చెప్పిన ప్రతిసారీ దాని గొంతు వినలేకపోతున్నాను పాస్టరుగారూ. నాకే ఓపిక తగ్గిందని చెప్పి మానేస్తాను. తన వల్ల మానేశానని దానికి తెలియకూడదు' అన్నారు..." అని, అప్పుడు నాలుక కరుచుకున్నాడు. "అయ్యో! మీకు తెలియకూడదు అన్నారు కదూ. నేను చెప్పానని అనకండమ్మా." చెమట తుడుచుకుంటూ చరచరా వెళ్లిపోయాడు.

ఆవిడ తన కుడిచెయ్యి ఎత్తి చూసుకుంది. రాయిలాగా నిలకడగా ఉంది. తరిగిన కూరలు, పెట్టిన బొత్తాలు, వదలకుండా పట్టుకున్న చెయ్యి, మసక సాయంత్రాల్లో ఒక్కొక్క వేలే ఒత్తడం, అన్నీ గుర్తొచ్చి ఆవిడకు తల కొట్టేసినట్టయింది. ముద్దు అనుకుని మురిసిపోయింది. పాపం, ఆయన లేని జబ్బుకు సేవ చేస్తున్నాడు.

అంతలోనే ఇంకో ఆలోచన మెత్తగా వచ్చి పక్కన కూర్చుంది. చెప్పడం ఎందుకు? ఇవాళ్టితో పని అయిపోతుంది. ఇక గొట్టాలు ఉండవు, పైవరసలు ఉండవు. ఆయన చెవి ఆయనకు చివరిదాకా బంగారమే. భార్య కోసం పని వదులుకున్న మనిషిగా తలెత్తుకుని ఇంటికి వస్తాడు. తాను చేయాల్సిందల్లా అప్పుడప్పుడూ చెంచా జారవిడవడం. ఎండ జరిగి ఆవిడ కాళ్ల మీదికి వచ్చింది. హాయిగా, నిద్ర వచ్చినట్టుగా ఉంది. ఏమీ అనకుండా కూర్చుంటే చాలు, అంతా దానంతటదే సర్దుకుంటుంది.

కానీ ఆయన? ఆమె కోసం దిగులుపడుతూనే పోతాడా ముసలాయన? లేని జబ్బు ముదురుతోందేమోనని రోజూ ఆ వేళ్లు తడిమి చూసుకుంటూ? ఆయన ప్రేమిస్తున్నది ఎవరో వణుకు మనిషిని, ఈవిడ కాపాడుతున్నది ఎవరో చెవులున్న మనిషిని. మరి ఆ ఇంట్లో రోజూ పొద్దున్నే టీ తాగుతున్న ఇద్దరూ ఏమైపోయినట్టు? 'ఇది ప్రేమే అనుకున్నాను ప్రభువా' అనుకుంది ఆవిడ. 'చూడబోతే ఒట్టి భయం.' లేచింది. మోకాళ్లు కటుక్కుమన్నాయి.

ఆర్గన్ లోపలికి ఇద్దరు వెళ్లకూడదు. మనుషుల ఒంటి వేడికి గొట్టాల శ్రుతి మారిపోతుంది. అందుకే ఇన్నేళ్లలో ఆవిడ ఆ చిన్న తలుపు దాటింది లేదు. ఇప్పుడు వంగి దూరింది. లోపల సన్నటి చెక్క బాట, రెండు వైపులా వందల గొట్టాలు, మనిషికి రెండింతలున్నవి, మోచేతంతవి, వేలంతవి. పైనుంచి ఒక్క చీలికలోంచి వెలుతురు దిగి దుమ్ములో నిలబడి ఉంది. ఇన్నేళ్లూ ఊ అనే మాట ఇక్కణ్నుంచా వచ్చేది అనుకుంది ఆవిడ. ఒక్క క్షణం వచ్చిన పనే మరిచిపోయింది.

"నువ్వెందుకొచ్చావే? ఇద్దరి వేడికి శ్రుతి చెడుతుంది, పో పో" అన్నాడు మేస్త్రి.

"చెడనివ్వండి. టీకి ముందు చెప్పాల్సింది ఒకటి ఉండిపోయింది."

"రేపు చెబుదువులే."

"పదకొండు నెలల నుంచీ రేపే అవుతోంది. నా వేలు ఒక్కసారి కూడా జారలేదండీ."

ఆయన ముఖం మెత్తబడింది. పసిపిల్లను ఊరడించినట్టు భుజం తట్టాడు. "సరే సరే, జారలేదులే. ఎవరన్నారు జారిందని?"

ఇలా లాభం లేదనుకుంది ఆవిడ. పైవరస కొసన ఉన్న బుల్లి గొట్టాన్ని, పెన్సిలంత దాన్ని, గూట్లోంచి పైకి లాగింది. కింది కొస పెదాలకు ఆనించుకుని, ఆయన కళ్లలోకి చూస్తూ ఊదింది.

మేస్త్రి ఎదురుచూశాడు. "ఊదు మరి" అన్నాడు.

"ఊదాను."

"ఏమిటమ్మా ఆ కూత! చెవులు పోయాయి!" అని బయట ఎక్కడో పాస్టరుగారి కేక వినబడింది. ఆ కేక మేస్త్రికి శుభ్రంగా వినబడింది.

ఆయన ఆ గొట్టాన్ని ఆవిడ చేతిలోంచి తీసుకున్నాడు. తానూ ఊదాడు. బుగ్గలు పొంగాయి. దాన్ని తిప్పి చూసి, చొక్కాకు తుడిచి, మళ్లీ ఊదాడు. మూడోసారి కూడా ఊదాడు. తర్వాత ఆ చెక్క బాట మీదే నెమ్మదిగా కూర్చుండిపోయాడు.

ఆవిడా ఎదురుగా కూలబడి గుక్కతిప్పుకోకుండా అన్నీ చెప్పేసింది. కెటిల్ సంగతి, పిచ్చుకల సంగతి, గొట్టానికి ఆరేసిసార్లు జారిన వేలి సంగతి. "మీరు తట్టుకోలేరని భయపడ్డానండీ. మీకేదో మేలు చేస్తున్నాననుకుని మిమ్మల్ని మోసం చేశాను. పని కూడా మానిపించబోయాను. నన్ను క్షమించండి" అని ఏడ్చింది.

ఆయన ఒళ్లో గొట్టం పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాడు. వెలుతురు చీలిక ఆయన మోకాలి మీదినుంచి గొట్టాల మీదికి పాకింది. తిట్టినా బాగుండు అనుకుంది ఆవిడ.

"అయితే," అన్నాడు ఆఖరికి, "నీ చెయ్యి?"

"చేతికేముంది, బాగానే ఉంది."

"వణుకు?"

"లేదండీ. ఎప్పుడూ లేదు."

"ఏదీ."

రెండు చేతులూ చాపింది. ఆయన వాటిని వెలుతురులోకి లాక్కుని, వేళ్లు విడదీసి, ఊపిరి బిగబట్టి చూశాడు. పది వేళ్లూ కదలకుండా నిలబడ్డాయి. వాటిని పట్టుకున్న ఆయన చేతులే గజగజ వణకడం మొదలుపెట్టాయి.

"ముదిరితే చెంచా కూడా పట్టుకోలేదన్నాడే ఆ డాక్టరు" అన్నాడు. "సామాన్ల గదిలో మూడు తాళ్లు కట్టుకుని జడ అల్లడం నేర్చుకుంటున్నానే. నీకు చేతకానినాడు ఎవరు వేస్తారని. వచ్చేసింది కూడా, కాస్త వంకరగా..." అంటూ ఆ ముసలాయన నవ్వాడో ఏడ్చాడో తెలియలేదు. ముఖమంతా తడిసిపోయింది.

అప్పుడు ఆమె చేతులు వదలకుండానే కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. మెల్లగా కాదు, ఆ లావు గొట్టాలన్నీ సన్నగా అదిరేంత గట్టిగా. బొటనవేలి కోసం దేవుడికి స్తోత్రం చెప్పాడు. చూపుడువేలి కోసం స్తోత్రం చెప్పాడు. పేరుపేరునా ఒక్కొక్క వేలే పట్టుకుంటూ కుడిచెయ్యి పూర్తిచేసి, ఎడమచేతికి వెళ్లి, చిటికెనవేలి దాకా వచ్చి ఆమెన్ అన్నాడు. ఆవిడ కళ్లు తెరిచి వింటూనే ఉంది. చెవుల మాట ఆ ప్రార్థనలో ఎక్కడా రాలేదు.